టూల్స్ అని రాసి ఉన్న పెట్టె

మా గరాజ్‌లో కార్లు ఉండవు. డాలస్ పక్కన ఈ ఇల్లు కొన్నప్పుడు రెండు కార్ల గరాజ్ అని తెగ మురిసిపోయాను కానీ, ఏడాది తిరక్కముందే అది మావాళ్ళందరి సామాన్ల గది అయిపోయింది. ఇక్కడ మనవాళ్ళు ఒకచోట కుదురుగా ఉండరు. ప్రాజెక్టు అయిపోతుంది, క్లయింటు మారతాడు, రెండు వారాల్లో ఇంకో రాష్ట్రంలో తేలాలి. చిన్న అపార్ట్‌మెంట్లోకి పట్టని సామానంతా ఎక్కడ పెట్టాలి? అప్పుడు గరాజ్ ఉన్నవాళ్ళకు ఫోన్ వస్తుంది. నాలుగు బాక్సులే, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళ్తాం అంటారు. సరే అంటాం. లోపల ఏముందని మాత్రం అడగం. అలా అడిగితే ఏం బాగుంటుంది, నమ్మకం లేదన్నట్టు ఉండదూ?

తమ్ముడు కూడా అలాగే ఆరు పెట్టెలు తెచ్చి పెట్టాడు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. నా మొదటి ఉద్యోగంలో నా టీమ్‌లో చేరిన కుర్రాడు. కోడ్‌ని బిల్డ్ ఎలా చెయ్యాలో నేర్పించింది నేనే, జ్వరం వస్తే చారన్నం పట్టుకెళ్ళిందీ నేనే. అప్పట్నుంచి అక్కా అంటాడు, నిజంగానే అక్కలా చూస్తాడు. నాకంటే ఆరేళ్ళు వెనకొచ్చినవాడు ఇక్కడే పుట్టిన అమ్మాయిని పెళ్ళి చేసుకుని నాకంటే ముందు సిటిజన్ అయిపోయాడు. అందుకు నేను కుళ్ళుకోలేదని చెప్తే అబద్ధం. కొంచెం కుళ్ళుకున్నాను. ఆ అమ్మాయికి పిస్కాటవేలో ఫార్మా ఉద్యోగం వచ్చింది, మొన్న ఎండాకాలంలో ఇద్దరూ న్యూజెర్సీ వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు పెట్టెల మీద మార్కర్‌తో రాసి మరీ సర్దాడు: గిన్నెలు, పుస్తకాలు, చలి బట్టలు, ఫొటోలు, ఇంకేవో వైర్లు. ఆరోదాని మీద టూల్స్ అని ఉంది. ఆ రోజు పెసరట్లు పోసి పెట్టాను. నాలుగు తిన్నాడు.

ఇక నా సంగతి. పదమూడేళ్ళుగా హెచ్ వన్ వీసా మీద ఉన్నాను. ఈ పదమూడేళ్ళలో ఒక్క పార్కింగ్ టికెట్ లేదు. లైబ్రరీ పుస్తకం ఒక రోజు ఆలస్యమైతే నాకు నిద్ర పట్టదు. ఏ ఫారం ఇచ్చినా వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివాకే సంతకం పెడతాను. మా ఆయన నన్ను ఆటపట్టిస్తాడు, నువ్వు కలలో కూడా రెడ్ లైట్ దగ్గర ఆగుతావు అని. ఆగుతాను మరి! తేడా వస్తే వెనక్కి పంపించేది నన్నే కదా. నా వీసా మీదే ఆయనా ఉన్నాడు. ఆ సెప్టెంబరులో ఎట్టకేలకు గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ నోటీసు వచ్చింది. తేదీ చూస్తే దసరా అయిన పన్నెండో రోజు. ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టాను.

ఆ ఏడు ఆయుధ పూజ ఘనంగా చెయ్యాలనుకున్నాను. మా ఆయుధాలు మీకు తెలిసినవే. రెండు కార్లు, రెండు లాప్‌టాప్‌లు, కూరగాయల కత్తి, మిక్సీ, గడ్డి కోసే మెషిన్. ఆదివారం పొద్దున్నే గరాజ్ ఊడ్చి, చాప పరిచి, అన్నీ వరసగా పెట్టాను. డ్రిల్లు కనిపించలేదు. ఎవరికో ఇచ్చానన్నాడు మా ఆయన, ఎవరికో గుర్తులేదట. డ్రిల్లు లేకుండా ఆయుధ పూజ ఏమిటి అని గొణుక్కుంటుంటే తమ్ముడి పెట్టె కనిపించింది. టూల్స్. పాపం ఆ పిల్లాడు ఊరు కాని ఊళ్ళో కొత్తగా కాపురం పెట్టుకున్నాడు, పండగ చేసుకున్నాడో లేదో, వాడి సామానుకు కూడా రెండు బొట్లు పెడితే వాడికీ మంచిదే కదా అనుకున్నాను. ఇంకొకళ్ళ పెట్టె టేపు కోసింది ఆ ఒక్కసారే. అది కూడా ప్రేమతో కోశాను, అదీ నా ఖర్మ.

పైన స్క్రూడ్రైవర్లు, పానాలు. ఒక్కొక్కటీ తీసి గంధం రాసి, కుంకుమ పెట్టి చాప మీద పెడుతున్నాను. అడుగున గట్టి ప్లాస్టిక్ కేసు ఒకటి ఉంది. డ్రిల్లు అందులోనే ఉంటుందని మూత తీశాను. పసుపుపచ్చ తువ్వాలులో చుట్టి ఉంది. పిడి కనబడేంత వరకు తువ్వాలు తీసి, గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. డ్రిల్లుకు బిట్టు ఎక్కడ పెడతారో అని తువ్వాలు ఇంకాస్త తొలగించాను. బిట్టు లేదు. గొట్టం ఉంది.

నేను అరిచిన అరుపుకు మా ఆయన సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. వంగి చూశాడు.

"బొమ్మ తుపాకీయేమోనే."

"బొమ్మని ఎవరైనా ఇంత భద్రంగా దాచుకుంటారా?"

ఇంకా వంగాడు. "సీరియల్ నంబర్ ఏం లేదు, కంపెనీ పేరు కూడా లేదు," అన్నాడు. తర్వాత నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మూడు వేశాను. హారతి పళ్ళెం చాప మీదే ఉండిపోయింది. ఇద్దరం వంటింట్లోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాం.

"అక్కా! హ్యాపీ దసరా!"

"నీ టూల్స్ పెట్టెలో ఏముందిరా?"

"ఓ... అది చూశావా. అక్కా, టెన్షన్ పడకు, అది లీగలే. పార్ట్స్ కిట్ ఆర్డర్ చేసి నేనే బిల్డ్ చేశా. మనకోసం మనం చేసుకుంటే ఫెడరల్ లా ప్రకారం లైసెన్స్ అక్కర్లే. సేల్ చెయ్యడానికి చేస్తేనే లైసెన్స్ కావాలె. టెక్సాస్‌లో అయితే ఎవడూ అడగడు."

"అంత లీగలైతే నీతో తీసుకుపోకుండా నా ఇంట్లో ఎందుకు పెట్టావు?"

"న్యూజెర్సీలో నంబర్ లేని గన్ ఉంటే క్రైమ్ అక్కా, జైల్లో పెడతరు. అందుకే అక్కడ వదిలేశా. అక్కడుంటే ఏం ప్రాబ్లం లేదు గదా."

"నాకు ఉంది! నేను వీసా మీద ఉన్నాను. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెయ్యడం సంగతి తర్వాత, ముట్టుకోకూడదు కూడా!" ఇలాంటివన్నీ నాకు తెలుసు. చెప్పాను కదా, చీమ తలకాయంత అక్షరాలు కూడా చదువుతానని.

అప్పుడు వాడన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "అదేంది, నువ్వు ఇంకా హెచ్ వన్ మీదే ఉన్నావా అక్కా?"

ఇంకానా! ఏడేళ్ళ పాటు నా జుట్టు నెరుస్తుంటే చూసినవాడు, మూడేళ్ళకోసారి నేను వీసా స్టాంపింగ్‌కని ఇండియా పరిగెడుతుంటే ఎయిర్‌పోర్టులో దింపినవాడు, తన కార్డు రాగానే నా సంగతే మర్చిపోయాడు. తుపాకీ పెట్టినందుకు కంటే అందుకే నాకు ఎక్కువ మండింది. ఫోన్ పెట్టేశాను.

సోమవారం ఉదయం లాయరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ ఇమ్మిగ్రేషన్ లాయరు, నా ఫైలు ఎనిమిదేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంది. నేను చెప్పిందంతా విని, క్రిమినల్ కేసులు చూసే ఇంకో లాయరును అడిగి మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. పెట్టె తెరవక ముందు సంగతికి నువ్వు నిశ్చింతగా ఉండొచ్చు, తెలియకుండా దగ్గరున్న దానికి తప్పు పట్టరు, అంది. కానీ నిన్న ఉదయం నుంచి నీకు తెలుసు కదా, అంది. అంటే ఎండాకాలమంతా ఆ తుపాకీ నా గడ్డి మెషిన్‌కు మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు నేను నిర్దోషిని. బొట్టు పెట్టిన క్షణం నుంచి దోషిని అయ్యే ప్రమాదంలో పడ్డాను. వస్తువు మారలేదు, చోటు మారలేదు, నాకు తెలియడం ఒక్కటే మారింది.

"అయితే ఏం చెయ్యను? పారెయ్యనా?"

పారెయ్యకూడదు. పోస్టులో పంపకూడదు. ఎవరి చేతికీ ఇవ్వకూడదు, అలా ఇస్తే నేను దాన్ని చేతులు మార్చినట్టవుతుంది. మళ్ళీ ముట్టుకోకూడదు. గరాజ్‌కు తాళం వెయ్యాలి, లోపలికి వెళ్ళకూడదు. ఎవరు చేశారో ఆ మనిషే వచ్చి తన చేత్తో తీసుకెళ్ళాలి, అదీ ఇంటర్వ్యూ తేదీ లోపలే. ఆవిడ ఇవన్నీ తాపీగా చెప్పింది. నేను కాగితం మీద రాసుకుంటున్నాను. రాసుకుంటుంటే, నా వేలిముద్ర కుంకుమతో సహా దాని పిడి మీద ఉందన్న సంగతి గుర్తొచ్చింది. తుడిచెయ్యవచ్చా అని అడిగాను. ముట్టుకోవద్దని ఇప్పుడే చెప్పాను కదా అంది.

ఈలోపు మా ఆయన కడుపులో ఏదీ దాగదు కాబట్టి పక్కింటి పెద్దాయనకు చెప్పేశాడు. పెద్దాయన రిటైరైన మెకానిక్, అసలు టెక్సాస్ మనిషి, మా పెరట్లో టమాటా మొక్కలు బతికాయంటే ఆయన చలవే. వాళ్ళింట్లో ఎన్ని తుపాకులున్నాయో ఆయనకే లెక్క తెలియదు. కంచె అవతల నుంచి నన్ను పిలిచి, ఏమీ కంగారు పడకమ్మా, ఇక్కడ ఎవరి తుపాకీ వాళ్ళు చేసుకోవచ్చు, మా తాత కూడా చేశాడు, అన్నాడు. అది మీకు, నాకు కాదు అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, ఎక్కడో విన్న మాట చెప్పాడు. వీసా మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు తీసుకుంటే తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చట.

నమ్మలేదు. లాయరమ్మను అడిగాను. నిజమేనట! చట్టంలో ఆ వెసులుబాటు రాసే ఉందట. ఇంట్లో బొద్దింక కనిపిస్తే కాగితం మీద ఎక్కించుకుని బయట వదిలే మనిషిని నేను. కోడిగుడ్డు కూడా తినను. నేను జింకల్ని, అడవి పందుల్ని చంపుతానని ఒక పరీక్ష రాసి కార్డు తెచ్చుకుంటే, ఈ దేశానికి నా గరాజ్‌లో తుపాకీ ఉండటం సమ్మతమే. పన్నులు కట్టాను, స్కూల్లో వాలంటీరుగా చేశాను, పదమూడేళ్ళు లైన్లో నిలబడ్డాను, ఇవేవీ పనికిరాలేదు. వేటాడతానంటే మాత్రం పనికొస్తాను. పోనీ అదైనా తీసుకోనా అని అడిగాను, అంత విసిగిపోయాను. ఇవాళ తీసుకుంటే నిన్నటికి పనికిరాదు అంది లాయరమ్మ.

తమ్ముడికి మళ్ళీ ఫోన్. ఈసారి స్పీకర్‌లో పెట్టి మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను, నోరు జారితే ఆపమని.

"అక్కా, ఈ వీక్ మా ప్రాజెక్టు గో-లైవ్ ఉంది. రెండు వీక్స్ ఆగలేవా?"

"నా ఇంటర్వ్యూ వచ్చే శుక్రవారం."

"పోనీ పక్కింటి అంకుల్‌కి ఇచ్చెయ్. ఆయన సిటిజనే కదా."

"నేను ఇవ్వకూడదు. నేను ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"అంత సీరియస్ ఏం కాదులే అక్కా. ఎవడు చూస్తడు?"

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. "నీకు ఎవడూ చూడడు. నువ్వు తుపాకీ చేసుకుంటే హాబీ. అదే నా ఇంట్లో దొరికితే నన్ను చేతులకు సంకెళ్ళేసి విమానం ఎక్కిస్తారు. నువ్వు శనివారం ఇక్కడ లేకపోతే నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. నీ పేరు, నీ అడ్రసు, నీ ఫోన్ నంబర్ అన్నీ ఇస్తాను. అక్కనని కూడా చూడను!" తిట్టేటప్పుడు కూడా మాట తడబడి తమ్ముడివని అనబోయి అక్కనని అన్నాను. వాడు నవ్వలేదు.

"సరే, వస్తా," అన్నాడు.

ఆ వారమంతా కార్లు ఎలాగూ బయటే ఉంటాయి కాబట్టి గరాజ్‌తో మాకు పని లేదు. కానీ చాప మీద నా కూరగాయల కత్తి, మిక్సీ, ఆఫీసు లాప్‌టాప్ ఉండిపోయాయి. లోపలికి వెళ్ళకూడదు కదా. ఆఫీసులో లాప్‌టాప్ పాడైందని చెప్పి వేరేది తెచ్చుకున్నాను. పదమూడేళ్ళలో ఆఫీసులో చెప్పిన మొదటి అబద్ధం అది. చట్నీ రోట్లో నూరుకున్నాను. నూరుతూ నూరుతూ ఒక్కొక్కరినీ తిట్టుకున్నాను. చట్టం రాసినవాళ్ళను, కిట్ అమ్మినవాళ్ళను, తమ్ముణ్ణి, డ్రిల్లు ఎవరికిచ్చాడో గుర్తులేని మా ఆయన్ని. టేపు కోసిన నన్ను నేను అందరికంటే ఎక్కువ తిట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వచ్చాడు. చిన్న బ్యాగుతో, నలిగిన చొక్కాతో. ఎయిర్‌పోర్టు నుంచి సరాసరి వచ్చాడట. లోపలికి రమ్మనలేదు. గరాజ్ తలుపు బటన్ నొక్కి నేను బయట డ్రైవ్‌వేలోనే నిలబడ్డాను. వాడొక్కడే లోపలికి వెళ్ళాడు. చాప మీద ఎండిపోయిన పువ్వులు, వరసగా నా సామాను, చివర్న మూత తెరిచి ఉన్న ఆ కేసు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

"అక్కా, దీనికి పూజ చేశావా?"



వాడు దాన్ని తువ్వాలుతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. మన ఇళ్ళల్లో పుస్తకాన్నీ, సుత్తినీ అద్దుకున్నట్టే. "మా నాన్న వడ్రంగి అక్కా, నీకు ఎన్నడూ చెప్పలే. నాకు ఉలి పట్టడం కూడా నేర్పలే, చదువుకో పో అన్నడు. పదేళ్ళు కోడ్ కొట్టినా చేత్తో పట్టుకునేది ఒక్కటి లేదు. ఇది చేసినప్పుడు మూడు వారాలు కూర్చున్నా. ఒక్కసారి కూడా కాల్చలే. బుల్లెట్లు కూడా కొనలే."

"కుర్చీ చేసుకోవచ్చు కదరా," అన్నాను.

"చేసుకోవచ్చు," అన్నాడు తలదించుకుని.

ఆ క్షణంలో వాడి మీద జాలి వేసింది. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఎందుకంటే వాడి ముచ్చటకు నా పదమూడేళ్ళు బలి కాబోయాయి, జాలి పడే తీరిక నాకు లేదు. వాడు ముందే పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పాడట, తెచ్చి ఇచ్చేస్తానని. ఊబర్ పిలుచుకున్నాడు. తుపాకీతో ఊబర్ ఎక్కకూడదంటారేమోనని మళ్ళీ భయం వేసి, పెద్దాయన్ని బతిమాలాను. ఆయన తన ట్రక్కులో తీసుకెళ్ళాడు. గంటన్నరకు ఇద్దరూ తిరిగొచ్చారు. తుపాకీ తీసుకున్నట్టు పోలీసులు ఒక కాగితం ఇచ్చారట. ఆ కాగితం చూపించి, తమ్ముడు వచ్చిన దారినే ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయాడు. నేను కాఫీ కూడా ఇవ్వలేదు. వాడూ అడగలేదు. మిగతా అయిదు పెట్టెల సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం ఇంటర్వ్యూ. ఆఫీసరు చిన్న వయసు మనిషి, మర్యాదగానే ఉన్నాడు. కుడి చెయ్యి ఎత్తించి నిజమే చెప్తానని ప్రమాణం చేయించాడు. ప్రశ్నలు గబగబా చదువుకుంటూ పోయాడు. పట్టుబడకపోయినా సరే, ఎప్పుడైనా ఏదైనా నేరం చేశారా? లాయరమ్మ పదిసార్లు చెప్పింది, నువ్వు నేరం చెయ్యలేదు, తెలిసిన నిమిషం నుంచి వదిలించుకోవడానికే చూశావు, జవాబు లేదు అని. లేదు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన తలెత్తలేదు, టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఈ రోజు కోసం పదమూడేళ్ళు ఒక్క ఎర్ర లైటు దాటకుండా బతికాను. తీరా ఆ రోజు వచ్చేసరికి, అందరిలా తడుముకోకుండా లేదు అని చెప్పగలిగే అదృష్టం నాకు లేకుండా పోయింది.

డిసెంబరులో కార్డు వచ్చింది. పోస్టు డబ్బా దగ్గరే కవరు చించాను. పెద్దాయన కంచె మీద చేతులు ఆనించి, ఇక నువ్వు కూడా సొంతంగా ఒకటి చేసుకోవచ్చు, అని కన్ను కొట్టాడు. నిజమే. అవే చేతులు, అదే గరాజ్. అక్టోబరులో బొట్టు పెడితే ప్రమాదం, డిసెంబరులో తయారు చేసుకున్నా ఎవరూ అడగరు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

ఇలాంటి కబురు ముందుగా చెప్పేది తమ్ముడికే. చేశాను.

"అక్కా! కంగ్రాట్స్! పార్టీ ఎప్పుడు?" అన్నాడు. చెప్తాలే అన్నాను. "మిగతా బాక్సులు... నెక్స్ట్ సమ్మర్‌లో వచ్చి తీసుకెళ్తా. కావాలంటే ఓపెన్ చేసి చూసుకో అక్కా, ప్రామిస్, అన్నీ బట్టలు, గిన్నెలే."

"సరేలే," అన్నాను.

ఫోన్ పెట్టేసి కత్తెర తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. అయిదు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైదాని మీద వాడి గుండ్రటి అక్షరాలతో చలి బట్టలు అని ఉంది. చలి బట్టలే అయ్యుంటాయి. ఏమున్నా ఇప్పుడు నన్నెవరూ ఏమీ చెయ్యరు, కార్డు నా జేబులోనే ఉంది. టేపు మీద కత్తెర మొన పెట్టాను కూడా. కానీ తెరిస్తే తెలుస్తుంది. కత్తెర తీసేసి, లైటార్పి, లోపలికి వచ్చేశాను.